యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ తెలుగు వైద్య శాస్త్రవేత్త. అంటువ్యాధులకు, ఉష్ణమండల వ్యాధులకు వాడే పలు ముఖ్యమైన ఔషధాల పరిశోధనకు నాయకత్వం వహించాడు. బోదకాలు వ్యాధికి నేటికీ ఇస్తున్న డైఇథైల్‌కార్బమజైన్ వానిలో ఒకటి.

బాల్యము, విద్యాభ్యాసము

ఇతడు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదువుకొని, మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో శస్త్రచికిత్స సమయంలో ఖద్దరు దుస్తులు ధరించి, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. అందువలన ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేవు. తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

అమెరికాలో

మామగారి సహాయంతోను, కాకినాడకు చెందిన సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయంతోను 1920ల తొలినాళ్ళలో అమెరికా వెళ్ళి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాడు. చదువుకునే రోజులలో పొట్ట పోసుకోవడానికి ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేశాడు. రోగులకు చికిత్స చేసే వృత్తిలో కాక జీవరసాయన పరిశోధనలో స్థిరపడ్డాడు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. 1930లో పి.హెచ్.డి. పొందాడు.

ఔషధ పరిశోధనలు

1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఇది మందుగా ఉపయోగపడింది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ తరగతికి చెందిన మొదటి యాంటీబయాటిక్. దీనిని కనుగొన్నది ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్. 1994లో సూరత్‌లో ప్లేగు ప్రబలినప్పుడు ఈ తరగతి మందులను విస్తృతంగా వాడారు.

బోదకాలు, ఉత్తరాంధ్ర

అరసవల్లి సూర్యదేవాలయం ఉన్న శ్రీకాకుళం జిల్లా చాలాకాలంగా బోదకాలు పీడిత ప్రాంతాలలో ఒకటి. ఈ వ్యాధికి కారణమైన ఫైలేరియా క్రిములను క్యూలెక్స్ దోమలు వ్యాపింపజేస్తాయి. 1947లో వెలువడిన డైఇథైల్‌కార్బమజైన్ రక్తంలోని సూక్ష్మ క్రిములను నశింపజేస్తుంది. అప్పటికే బాగా పెరిగిన వాపును ఇది తగ్గించలేదు. కావున వ్యాధి లక్షణాలు లేనివారు కూడా మందు మింగడం అవసరం. ఈ ఉద్దేశంతోనే 2004 నుండి వ్యాధి పీడిత జిల్లాలలో ఈ మాత్రలను ప్రజలందరికీ సామూహికంగా పంపిణీ చేసే జాతీయ కార్యక్రమం చేపట్టారు.

మరణము

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.