ప్రార్థన నుండి పాఠశాలకు – కీళచ్చేరి జ్ఞానమ్మ గారి జీవితం

తెలుగు సీమలో జన్మించి, తమిళ సీమలోని ఒక తెలుగు పల్లెలో తన సేవకు స్థిరమైన పునాది వేసిన మహనీయురాలు జ్ఞానమ్మ గారు. తిరువళ్ళూరు రైలు స్టేషనును ఆనుకొని ఉన్న మన మణవాళనగర్ వాసులకు కీళచ్చేరి పేరు కొత్తది కాదు. మన జిల్లాలోని ఆ గ్రామంలో నేటికీ తెలుగు పలుకు వినిపిస్తుంది. అయితే, ఒక సామాన్య గృహిణి వితంతువైన పిమ్మట అక్కడ తోటి స్త్రీలను కూడగట్టి, ప్రార్థననూ సేవనూ ఒక్కటిగా చేసి, తరతరాలకు నిలిచే ఒక సంస్థకు ప్రాణం పోసిందని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? డెబ్బై అయిదేళ్ళు నిండిన ఒక తెలుగు పాఠశాల తన జ్ఞాపిక సంచికలో ఆమెను స్మరించుకోవటం ఎంతైనా సముచితం.

జ్ఞానమ్మ గారు 1822లో గుంటూరు మండలంలోని ఫిరంగిపురంలో జన్మించారు. కొండవీటి కొండల చెంతనున్న ఆ గ్రామంలో కతోలిక క్రైస్తవం అప్పటికే పాతుకొని ఉంది. 18వ శతాబ్ది ఆరంభంలో పుదుచ్చేరి నుండి బయలుదేరిన ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు ప్రాంతంలో ప్రారంభించిన తెలుగు మిషను క్రమంగా ఉత్తరంగా విస్తరించింది. అయితే 1773లో జెస్విట్ సభ రద్దయిన తర్వాత తెలుగు కతోలికులకు గురువుల కొరత ఏర్పడింది. ఊళ్ళో గురువు నిలకడగా లేకున్నా విశ్వాసం చెడకుండా కాపాడినవారు ఉపదేశులు, ఇళ్ళలో జపమాల చెప్పుకొనే కుటుంబాలు, పిల్లలకు నోటిమాటగా జపాలు నేర్పిన తల్లులు. గృహస్థులే గుడి భారం మోసిన ఆ వాతావరణంలోనే జ్ఞానమ్మ గారు పెరిగారు. ఆమె తరువాతి జీవితం అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవటం అవసరం.

ఆమెకు పదేళ్ళు నిండే వేళకు గుంటూరు సీమను మహా క్షామం కబళించింది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చినందున దానికి నందన కరువు అని పేరు. సుమారు ఐదు లక్షల జనాభా గల ఆ మండలంలో రెండు లక్షల మంది వరకు మరణించారని చరిత్రకారులు అంచనా వేశారు. పల్లెలకు పల్లెలే పాడుపడ్డాయి. ఆకలితో అలమటించిన జనం మద్రాసు దారి పట్టారు. దారిలోనే ఎందరో రాలిపోయారు. అనాథలైన బిడ్డలను, దిక్కులేని స్త్రీలను ఆ తరం వారందరూ కన్నులారా చూశారు. పిమ్మట జ్ఞానమ్మ గారు చేపట్టిన సేవలో అనాథలకూ నిరాశ్రయులకూ దక్కిన స్థానాన్ని చూసినప్పుడు ఆ బాల్యకాలపు కరువును తలచుకోకుండా ఉండలేము.

సరిగ్గా అదే కాలంలో, 1833 ఏప్రిల్ 23న, వేల మైళ్ళ దూరాన పారిస్ నగరంలో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరువది ఏండ్ల విద్యార్థి కొద్దిమంది మిత్రులతో కలిసి ఒక చిన్న సంఘాన్ని ఆరంభించాడు. ప్రార్థన చేసుకొని, పేదల ఇళ్ళకు వెళ్ళి వారిని ఆదుకోవటమే ఆ సంఘం పని. అదే కాలక్రమంలో విన్సెంట్ డి పాల్ సభగా లోకమంతటా వ్యాపించింది. ఆ సభలో సభ్యుడిగా పనిచేసిన ఫ్రాంక్ డఫ్, 1921 సెప్టెంబరు 7న డబ్లిన్ నగరంలో ప్రారంభమైన లీజియన్ ఆఫ్ మేరీకి మూలపురుషుడయ్యాడు. నేడు మన విచారణలలో మరియ దళం పేరుతో పనిచేస్తున్నది అదే. వారంవారం కూడి జపమాల చెప్పుకోవటం, ఇద్దరిద్దరుగా రోగులనూ దుఃఖితులనూ దర్శించటం, చేసిన పనిని మరుసటి కూటమిలో తెలియజేయటం దాని పద్ధతి. గురుపట్టం లేనివారు సైతం దైవకార్యంలో పూర్తి బాధ్యత వహించగలరన్న భావమే ఈ సంఘాలన్నిటికీ ఆధారం. ఆ సంఘాల గాలి సోకని తెలుగు పల్లెలో అదే భావాన్ని తన బ్రతుకులో ఆచరించి చూపిన స్త్రీ జ్ఞానమ్మ గారు.

ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు చిన్న వయసులోనే వివాహం జరిగింది. భర్త గాలి ఇన్నయ్య గారు. ఆ దంపతులకు కుమారులు కలిగారు. కాపురం, బిడ్డల పెంపకం, గుడి, జపం – ఇదే ఆమె లోకం. ఆమె ముప్పది ఏండ్లు దాటి నలుబదికి చేరకముందే, లేదా ఆ ప్రాయంలోనే, ఆ లోకం కూలిపోయింది. ఇన్నయ్య గారు మరణించారు.

వితంతువు జీవితం ఆనాడు ఎంత దుర్భరమో వేరుగా చెప్పనక్కరలేదు. హిందూ వితంతువుల పునర్వివాహానికి చట్టబద్ధత కల్పించిన శాసనం 1856లో వచ్చినా, తెలుగునాట తొలి వితంతు వివాహం జరగటానికి 1881 దాకా వేచి ఉండవలసి వచ్చింది. క్రైస్తవ ధర్మం పునర్వివాహాన్ని నిషేధించకపోయినా, కులాచారాలను విడువని కుటుంబాలలో వితంతువు మూల కూర్చోవలసినదేనన్న భావన బలంగా ఉండేది. ఇంటి చాకిరికి ఆమె కావాలి. శుభకార్యానికి మాత్రం అక్కరలేదు. జ్ఞానమ్మ గారి ఎదుట ఉన్న మార్గాలు రెండే. లోకం గీసిన గీత లోపల ముడుచుకొని కూర్చోవటం ఒకటి. చేతికందిన స్వేచ్ఛను దైవకార్యానికి అర్పించటం మరొకటి. ఆమె రెండవ మార్గాన్ని ఎంచుకొన్నారు. ఏ సమాజం వితంతువును వెలివేసినట్లు చూసిందో ఆ సమాజపు ఆడబిడ్డలకే ఆమె తల్లి కావటం ఈ చరిత్రలోని విశేషం.

1862లో ఫిరంగిపురంలో ఆమె బాలికల కోసం పాఠశాల ప్రారంభించారు. ఆ సాహసం విలువ తెలియాలంటే నాటి పరిస్థితి కొంత తెలుసుకోవాలి. 1854 నాటి వుడ్ తాఖీదు స్త్రీ విద్యను ప్రోత్సహించాలని చెప్పినా, పల్లెలలో దాని జాడ కనిపించలేదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారి వంటి విదేశీయులు పట్టణాలలో పాఠశాలలు నెలకొల్పసాగారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించింది 1874లో. అంటే అంతకు పన్నెండేళ్ళ ముందే, విదేశీ ధనబలం గాని, సర్కారు ఉద్యోగం గాని, పండిత బిరుదం గాని లేని ఒక తెలుగు వితంతువు పల్లెలో ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించే పనికి పూనుకొన్నారు. ఆడపిల్ల చదివితే కాపురం చెడుతుందని నమ్మే రోజులవి. ప్రతి ఇంటి తలుపూ తట్టి, తల్లిదండ్రులను ఒప్పించి పిల్లలను తేవలసినదే. పిల్ల బడికి వస్తే ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకొనేదెవరు, చేనికి కూడు మోసేదెవరు అన్న ప్రశ్న పేద కుటుంబాలలో సహజం. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగేది అటువంటి సంసారాన్నే ఈదివచ్చిన స్త్రీ మాత్రమే.

ఆ మరుసటి ఏడు, 1863లో, ఆమె సేవ కీళచ్చేరిలో వేళ్ళూనింది. 18వ శతాబ్ది చివరి దశాబ్దాలలో తెలుగు సీమ నుండి తరలివచ్చిన కతోలిక కుటుంబాలు స్థిరపడిన గ్రామమది. ఫిరంగిపురానికీ కీళచ్చేరికీ నడుమ దూరం సుమారు 400 కిలోమీటర్లు. 1856లోనే మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డుకు రైలు నడిచి, తిరువళ్ళూరుకు ఆ సౌకర్యం కలిగింది గాని, గుంటూరు సీమ నుండి మద్రాసుకు రైలు మార్గం పూర్తయింది 1899లో. అంటే ఆ రోజులలో ఈ ప్రయాణం బండి మీదనో కాలినడకనో సాగవలసినదే. నదులు దాటాలి, సత్రాలలో తలదాచుకోవాలి. ఒక వితంతువు అంత దూరం వచ్చి, పరాయి చోట ప్రజాసేవకు దిగటం ఆ కాలానికి సామాన్య విషయం కాదు. అయితే కీళచ్చేరి ఆమెకు పూర్తిగా పరాయి చోటు కాదు. అక్కడి ఇళ్ళలో తన భాషే. అక్కడి గుడిలో తన జపాలే. రెండు గ్రామాలూ అప్పుడు మద్రాసు అపోస్తలిక ప్రతినిధి అధికారం కిందనే ఉండేవి. అప్పటి పీఠాధిపతి ఐర్లండు దేశీయులైన జాన్ ఫెన్నెలీ గారు.

కీళచ్చేరిలో ఆమె తనతో కలసివచ్చిన స్త్రీలను ఒక సమూహంగా తీర్చారు. బాలికలకు చదువు చెప్పటం, జ్ఞానోపదేశం నేర్పటం, అనాథలనూ నిరుపేదలనూ చేరదీయటం ఆ సమూహపు ధ్యేయాలు. సేవకు ముందు ప్రార్థన. ప్రార్థనకు ఫలంగా సేవ. ఈ రెంటిలో ఏది లోపించినా సమూహం నిలువదు. ప్రార్థన లేని సేవ కొంతకాలానికి అలసటగానో అహంకారంగానో మారుతుంది. సేవకు దారితీయని ప్రార్థన గుడి గోడల మధ్యనే ఆగిపోతుంది. ఈ సత్యాన్ని ఆమె గ్రంథాలలో చెప్పలేదు, ఆచరణలో చూపారు. ఆ చిన్న సమూహమే పునీత అన్నమ్మ గారి పేర మఠకన్యల సభగా రూపుదిద్దుకొంది. ఏసుప్రభువు తల్లియైన మరియమ్మకు తల్లి అన్నమ్మ గారు. పాశ్చాత్య చిత్రకారులు ఆమెను తరచుగా బాల మరియమ్మకు చదువు నేర్పుతున్న తల్లిగా చిత్రించారు. బాలికల చదువును ప్రధాన కర్తవ్యంగా స్వీకరించిన సభకు ఇంతకన్న తగిన పాలక పునీతురాలు ఎవరుంటారు?

ఇక్కడ మరొక విషయం గమనార్హం. మఠజీవితమంటే సాధారణంగా కన్యలకు పరిమితమైనదన్న అభిప్రాయం ఉంది. ఈ సభకు మూలకారకురాలు మాత్రం కాపురం చేసి, బిడ్డలను కని, భర్తను పోగొట్టుకొన్న గృహిణి. తల్లిగా ఆమె నేర్చుకొన్న ఓర్పు, పొదుపు, పిల్లల మనసు తెలిసిన లాలన, ఇవన్నీ సభకు మూలధనమయ్యాయి. గృహస్థాశ్రమం ఆమె పిలుపుకు అడ్డుగోడ కాలేదు. దానికి మెట్టుగా నిలిచింది.

జ్ఞానమ్మ గారు 1874 డిసెంబరు 21న, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు, తమ 52వ ఏట పరమపదించారు. ఆమె సేవాకాలం పట్టుమని పన్నెండేళ్ళు. ఆ మరుసటి ఏడాది, 1875లో, మిల్‌హిల్ గురువులు తెలుగు మిషను బాధ్యతను స్వీకరించారు. వారి రాకతో గుంటూరు, నెల్లూరు సీమలలో విచారణలు, పాఠశాలలు విస్తరించాయి. ఆ విస్తరణకు ముందే నేలను దున్ని సిద్ధం చేసినవారిలో జ్ఞానమ్మ గారిని ఎన్నదగును. మద్రాసు అన్నమ్మ సభ, ఫిరంగిపురం అన్నమ్మ సభ అనే రెండు సభలూ నేడు ఆమెనే తమ స్థాపకురాలిగా గౌరవిస్తున్నాయి. 2014లో ఆమెను దైవసేవకురాలిగా గుర్తించటంతో పునీత పట్టానికి దారితీసే విచారణలో తొలి మెట్టు పడింది.

ఆమె జీవితంలో మన పాఠశాలకు సంబంధించిన పాఠం కూడ ఒకటున్నది. కీళచ్చేరి తెలుగువారు ఊరు మారినా భాష మార్చుకోలేదు. భాష ఇంట్లో నిలిచింది, గుడిలో నిలిచింది; బడిలో కూడ నిలిచినప్పుడే అది తరువాతి తరానికి అందుతుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు ఈ ప్రాంతపు తెలుగు బాలబాలికల చదువు ఏమవుతుందన్న ఆందోళన మన పెద్దలకు కలిగింది. ఆ ఆందోళన నేటికీ పూర్తిగా తీరలేదు. ఎల్లలు గీసేది ప్రభుత్వాలు. అక్షరాన్ని కాపాడుకొనేది మాత్రం తల్లులు, ఉపాధ్యాయులు. అధికారం గాని, ధనం గాని చేత లేకపోయినా, నలుగురిని కూడగట్టి, ప్రతిరోజూ చేయవలసిన పనిని ప్రతిరోజూ చేస్తే ఏమి సాధించవచ్చునో జ్ఞానమ్మ గారి జీవితం చెబుతున్నది.

నేటి యువతీయువకులలో కొందరు మరియ దళంలోనో, విన్సెంట్ డి పాల్ సభలోనో చేరి విచారణకు సేవ చేస్తున్నారు. ఇతర మతాల విద్యార్థులు తమ తమ సేవాసంఘాలలో పనిచేస్తున్నారు. ఏ సంఘంలో చేరినా మొదటి రోజున పేరు వ్రాయించుకోవటం సులభం. వారంవారం కూటమికి హాజరు కావటం, అప్పగించిన ఇంటికి ఎండలో నడిచి వెళ్ళటం, మెప్పు లేకున్నా మానకపోవటం కష్టం. జ్ఞానమ్మ గారి పాఠశాలలో అక్షరం దిద్దిన తొలి బాలికల పేర్లు నేడు మనకు తెలియవు. కాని వారు తల్లులై తమ బిడ్డలకు నేర్పిన అక్షరం, ఆ బిడ్డలు తమ బిడ్డలకు నేర్పిన అక్షరం చెరగలేదు. ఆ పుణ్యమూర్తి స్మృతికి మనం అర్పించగల నివాళి ఒక్కటే: మన వీధిలో బడి మానిన ఒక్క బిడ్డనైనా చేయిపట్టి తిరిగి బడికి తీసుకొనిరావటం.