గోటూ వద్దన్న డైక్‌స్ట్రా

కంప్యూటర్ నేర్చుకునే పిల్లలందరూ తెలుసుకోవలసిన పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ఆయన 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. తండ్రి రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు, తల్లి గణితం బాగా తెలిసినావిడ. లైడెన్‌లో భౌతికశాస్త్రం చదువుతూ 1951లో ఇంగ్లండ్ వెళ్లి, కేంబ్రిడ్జిలో ప్రోగ్రామింగ్ శిక్షణ పొందారు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రామర్‌గా చేరారు. 1956లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, కాగితం కలం లేకుండా 20 నిమిషాల్లో, రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి కనిపెట్టే పద్ధతి ఆలోచించారు. అది ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అయినా 1957లో పెళ్లి కాగితాల్లో వృత్తి ప్రోగ్రామర్ అని రాస్తే అధికారులు ఒప్పుకోలేదు. అలాంటి వృత్తే లేదన్నారు! భౌతికశాస్త్రవేత్త అని రాయించుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ప్రోగ్రాముల నిండా గోటూ అనే ఆజ్ఞ ఉండేది. వరస వదిలేసి ఫలానా లైనుకు దూకు అని దాని అర్థం. పదో పేజీ చదువుతుంటే నలభైకి వెళ్లమని, అక్కడికెళ్తే ఏడుకు రమ్మని చెప్పే పుస్తకాన్ని ఊహించుకోండి. కంప్యూటర్‌కి ఇబ్బంది లేదు, తికమకపడేది చదివే మనిషే. లెక్క ఎంతవరకు వచ్చిందో, ఏ దారిన వచ్చిందో తెలియదు. తప్పు ఎక్కడుందో దొరకదు.

1968లో డైక్‌స్ట్రా ఈ మాటే ఒక అమెరికా పత్రికకు ఉత్తరంగా రాశారు. గోటూ హానికరం అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టింది మాత్రం సంపాదకుడు నిక్లాస్ విర్త్. పెద్ద దుమారమే రేగింది. కొన్నిచోట్ల గోటూ వాడినా తప్పులేదని 1974లో డొనాల్డ్ క్నూత్ ఉదాహరణలతో చూపారు. సీ భాషలో అది ఇప్పటికీ ఉంది. పైథాన్‌లో లేదు. ‘ఇలా అయితే ఇది చెయ్యి’, ‘ఇలా ఉన్నంతసేపు చెయ్యి’ అనే వరసైన ఆజ్ఞలతోనే పని జరిగిపోతుంది.

1972లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984 నుంచి 1999 దాకా అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. కంప్యూటర్ పండితుడై ఉండి కూడా వ్యాసాలు ఫౌంటెన్ పెన్నుతోనే రాసేవారు. 2002 ఆగస్టు 6న స్వదేశంలో కన్నుమూశారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రోగ్రాం పనిచేసిందని పిల్లలు చెబితే సంతోషించండి. ఆ తర్వాత ఒక్కో లైను ఏం చేస్తుందో వరసగా చెప్పమనండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు. తడబడకుండా చెప్పగలిగితే నేర్చుకున్నట్టే.