వాట్స్ హంఫ్రీ

వాట్స్ హంఫ్రీ (జూలై 4, 1927 - అక్టోబరు 28, 2010) అమెరికాకు చెందిన ప్రముఖ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, రచయిత. సాఫ్ట్‌వేర్ నాణ్యతకు పితామహుడిగా ఈయన ప్రసిద్ధుడు. సాఫ్ట్‌వేరులో లోపాలకు, గడువులు తప్పడానికి ప్రోగ్రామర్ల అసమర్థత కన్నా సంస్థ పనిచేసే పద్ధతే ముఖ్య కారణమని భావించి, ఆ పద్ధతిని కొలిచి మెరుగుపరచే మార్గాన్ని రూపొందించాడు.

బాల్యము, విద్య

హంఫ్రీ మిచిగాన్ రాష్ట్రములోని బాటిల్ క్రీక్ పట్టణంలో జన్మించాడు. ఈయన తండ్రి, తాతల పేరు కూడా వాట్స్ హంఫ్రీయే. చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్‌లెక్సియా ఈయనకు ఉండేది. 1944లో ఉన్నత పాఠశాల చదువు ముగించి నౌకాదళంలో పనిచేశాడు. పిమ్మట షికాగో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర పట్టభద్రుడయ్యాడు. ఇల్లినాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అదే శాస్త్రంలోను, తిరిగి షికాగోలో వ్యాపార నిర్వహణలోను స్నాతకోత్తర పట్టాలు పొందాడు.

ఐ.బి.ఎం.లో

1959లో ఐ.బి.ఎం.లో చేరాడు. 1960ల మధ్యలో ఆ సంస్థ సిస్టమ్/360 కంప్యూటర్లకు కావలసిన సాఫ్ట్‌వేరు గడువుకు అందక పెద్ద చిక్కు ఏర్పడింది. అప్పుడు ప్రోగ్రామింగు విభాగ బాధ్యత హంఫ్రీకి అప్పగించారు. ఏడు దేశాలలో సుమారు 4000 మంది పనిచేస్తున్న ఆ విభాగంలో సరైన ప్రణాళికలే లేవని ఈయన గమనించాడు. అంతకుముందు ప్రకటించిన గడువులను పక్కనపెట్టి, ప్రతి బృందం ముందుగా తన పనికి ప్రణాళిక వేసుకున్న తరువాతనే కొత్త తేదీలు ప్రకటించాలని పట్టుబట్టాడు. దీనితో విభాగం గాడిన పడింది. ఐ.బి.ఎం. తొలి సాఫ్ట్‌వేర్ లైసెన్సును రూపొందించిన బృందానికి కూడా ఈయనే నాయకుడు.

సామర్థ్య పరిణతి నమూనా

1986లో ఐ.బి.ఎం.ను వీడి, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. సాఫ్ట్‌వేరు తయారుచేసే గుత్తేదారు సంస్థల సామర్థ్యాన్ని అంచనా వేసే విధానం అమెరికా రక్షణ శాఖకు అవసరమైంది. ఈ కృషి నుండి 1991లో సి.ఎం.ఎం. అనే నమూనా వెలువడింది. దీనిలో అయిదు స్థాయిలు ఉన్నాయి. మొదటి స్థాయిలో పని ఎవరికి తోచినట్లు వారు చేస్తారు. రెండవ స్థాయిలో ఖర్చు, గడువు అదుపులోకి వస్తాయి. మూడవ స్థాయిలో సంస్థ అంతటికీ ఒక లిఖిత పద్ధతి ఉంటుంది. నాలుగవ స్థాయిలో పనిని, నాణ్యతను అంకెలలో కొలుస్తారు. అయిదవ స్థాయిలో ఆ కొలతల ఆధారంగా లోపాల మూలకారణాలను తొలగిస్తూ పోతారు.

విమర్శలు, తరువాతి కృషి

మెరుగుదల కన్నా స్థాయి గుర్తింపు కోసమే సంస్థలు పోటీపడుతున్నాయని, కాగితాల పని పెరిగిందని విమర్శలు వచ్చాయి. పద్ధతి కాగితాలపై ఉంటే చాలదని, ప్రతి ఇంజనీరు దినచర్యలో భాగం కావాలని హంఫ్రీ తలచాడు. తానే 60కి పైగా చిన్న ప్రోగ్రాములు రాసి, పట్టిన కాలాన్ని, దొర్లిన తప్పులను నమోదు చేసుకున్నాడు. ఆ అనుభవంతో వ్యక్తిగత సాఫ్ట్‌వేర్ ప్రక్రియను, తరువాత బృంద ప్రక్రియను రూపొందించాడు.

భారతదేశంతో సంబంధం

1990లలో బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై నగరాలలోని పలు సంస్థలు ఈ నమూనాను అనుసరించి విదేశీ ఖాతాదారుల నమ్మకం పొందాయి. 2000లో చెన్నైలో ఈయన పేరిట ఒక సాఫ్ట్‌వేర్ నాణ్యతా సంస్థ ఏర్పడింది.

పురస్కారము, మరణము

2003 సంవత్సరానికి అమెరికా జాతీయ సాంకేతిక పతకం ఈయనకు లభించింది. 2010లో ఫ్లోరిడా రాష్ట్రములోని సారసోటాలో మరణించాడు.