ఎడ్గార్ కాడ్ మహాశయుడు

కాడ్ గారు 1923వ సంవత్సరమున ఇంగ్లండునందలి పోర్ట్‌లాండ్ ద్వీపమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో గణితము చదివి, యుద్ధమున విమానము నడిపి, పిమ్మట అమెరికాలో ఐ.బి.యం. సంస్థ జేరిరి.

ఆ కాలమున కంప్యూటరులలో వ్యాపారపు లెక్కలు చెట్టుకొమ్మలవలె అమర్చబడియుండెను. ఆ అమరిక మార్చినచో పాత ప్రోగ్రాములు పనిచేయకుండెను. బీరువా మార్చినంతనే గుమాస్తా లెక్కలు మరచినట్లే గదా! 1970లో వీరు ప్రకటించిన వ్యాసమందు, సమాచారమును పట్టికలుగా నుంచవలెననియు, లోపలి అమరికతో ప్రోగ్రామునకు పనిలేదనియు ప్రతిపాదించిరి.

అయితే సంస్థకు ఐ.ఎం.ఎస్. అను పాత పద్ధతివలన మంచి రాబడి యుండెను. కావున జాగు చేసిరి. ఇది మాకు మిక్కిలి విచారకరముగ దోచుచున్నది. ఈలోగా 1979లో ఒరాకిల్ విపణికి వచ్చెను. 1981లో వీరికి ట్యూరింగ్ బహుమానము లభించెను. 2003లో ఫ్లారిడాయందు మరణించిరి. ఆ ఐ.ఎం.ఎస్. మాత్రము నేటికిని కొన్ని బ్యాంకులలో పనిచేయుచునే యున్నది.