అక్విటేను వారసురాలు

ఫ్రాన్సుదేశమునకు నైరుతి దిక్కున, లువారు నది మొదలు పిరనీసు పర్వతముల దాపువరకు వ్యాపించియున్న భూభాగమునకు పూర్వము అక్విటేను అని పేరు. ద్రాక్షతోటలతోను, రేవుపట్టణములతోను అది మిక్కిలి సంపన్నమైయుండెను. దాని నేలు ప్రభువునకు డ్యూకు అను బిరుదము కలదు. డ్యూకు ఫ్రాన్సు రాజునకు సామంతుడే. అయినను 12వ శతాబ్దమున రాజు స్వయముగా నేలు భూమికంటె ఈ సామంతుని భూమియే పెద్దది.

1137వ సంవత్సరమున డ్యూకు పదవ విలియము తీర్థయాత్రకై స్పెయినుదేశమునకు పోయి, అచ్చటనే మరణించెను. ఆతని యొక్కగానొక్క కుమారుడు అంతకు కొన్నియేండ్ల ముందే బాల్యమున చనిపోయెను. మిగిలినవారు ఇద్దరు కూతుళ్లు. వారిలో పెద్దది ఎలియనోర్. అప్పటి కామె వయస్సు పదునైదేండ్లకు మించదు.

కుమారులు లేనప్పుడు కూతురు వారసురా లగుట ఆ దేశాచారము. కాని తండ్రి లేని వారసురాలికి ఆపద యెక్కువ. ఆమెను బలాత్కారముగా నెత్తుకొనిపోయి పెండ్లాడినవాడు ఆ సంస్థానమునకే ప్రభువు కావచ్చును. ఇది యెరిగియే విలియము కుమార్తెను ఫ్రాన్సు రాజు సంరక్షణమున నుంచెను. రాజు ఆలస్యము చేయక తన కుమారుడు లూయీని పరివారముతో పంపెను. జూలై 25వ తేదీన బోర్డో నగరమున వివాహము జరిగెను. వారము తిరుగుసరికి ఆ వృద్ధరాజు చనిపోగా ఎలియనోర్ ఫ్రాన్సునకు రాణి యయ్యెను. అయినను అక్విటేను రాజుగారి సొంతభూమిలో కలిసిపోలేదు. లూయీ భార్య మూలముననే డ్యూకు అనిపించుకొనెను.

వారి దాంపత్యము పదునైదేండ్లు సాగెను. 1147లో ఆమె భర్తతో క్రూసేడు యుద్ధయాత్రకు కూడ వెళ్లెను. వారికి ఇద్దరు కుమార్తెలు కలిగిరి గాని కుమారుడు కలుగలేదు. 1152 మార్చిలో బోజాన్సీలో సమావేశమైన మతాధికారులు దంపతులు దగ్గర బంధువులు గనుక ఆ వివాహము చెల్లదని తీర్పు చెప్పిరి. బంధుత్వము సాకు మాత్రమే. సింహాసనమునకు కుమారుడు లేకపోవుటయే లూయీకి ముఖ్యమైన చింత. కుమార్తెలు తండ్రియొద్ద నుండిపోయిరి. అక్విటేను మాత్రము ఎలియనోరుతో తిరిగి వచ్చెను.

ఆమె స్వస్థలమైన ప్వాతియే నగరమునకు పోవుచుండగా దారిలో ఇద్దరు ప్రభువులు ఆమెను పట్టుకొన యత్నించిరి. ఒకడు బ్లువా ప్రభువు. రెండవవాడు ఆంజూ ప్రభువగు హెన్రీకి తమ్ముడు. వారిద్దరిని తప్పించుకొని ఆమె క్షేమముగా నగరము చేరెను. తరువాత ఎనిమిది వారములకే ఆ హెన్రీని వివాహమాడెను. హెన్రీయు లూయీవలెనే ఆమెకు దూరబంధువే. కాని ఈ సారి ఆ సంగతి యెవ్వరికిని అడ్డు రాలేదు. కోపించిన లూయీ మరి రెండేండ్లు డ్యూకు బిరుదమును వదలలేదు.

1154లో హెన్రీ ఇంగ్లండునకు రాజయ్యెను. వారికి ఐదుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగిరి. తన సంస్థానమునకు ఎలియనోర్ మూడవ కుమారుడైన రిచర్డును వారసునిగా నేర్పరుపగా, 1172లో ఆతనికి డ్యూకు పట్టాభిషేకము జరిగెను. మరుసటి యేడు కుమారులు తండ్రిపై తిరుగబడిరి. తల్లి వారి పక్షము వహించెను. పురుషవేషమున పోవుచు ఆమె హెన్రీ మనుష్యులకు చిక్కెను. సుమారు 16 ఏండ్లు బందీగా నుండెను.

ఆ చెరలో నున్నప్పుడే విచిత్రమైన సంగతి యొకటి జరిగెను. తండ్రి యెంత చెప్పినను రిచర్డు అక్విటేనును విడువకుండెను. 1185లో హెన్రీ ఎలియనోరును పిలిపించి, ఆమె సొత్తును ఆమెకు మరల ఒప్పగింపుమని కుమారుని ఆజ్ఞాపించెను. రిచర్డు మారుమాటాడక ఒప్పగించెను. భర్త ఆమెను బంధింపగలిగెను గాని, ఆమె హక్కును కాదనలేకపోయెను.

1189లో హెన్రీ మరణించగా రిచర్డు రాజయ్యెను. ఆమెకు విడుదల కలిగెను. క్రూసేడునుండి మరలి వచ్చుచు రిచర్డు శత్రువులకు చిక్కినప్పుడు, ఆ వృద్ధమాత ధనము కూడబెట్టించి, తానే జర్మనీకి పోయి 1194లో కుమారుని విడిపించుకొని వచ్చెను.

1199లో రిచర్డు బాణపుదెబ్బచే మరణించెను. మిగిలిన కుమారుడు జాన్ ఒక్కడే. చనిపోయిన మరియొక కుమారుని బిడ్డ, బాలుడగు ఆర్థరు, జానుకు పోటీగా నిలిచెను. ఫ్రాన్సు రాజు ఫిలిప్పు ఆర్థరును చేరదీసెను. అప్పుడు ఎలియనోర్ చేసిన పని ఆమె రాజనీతి యెంతటిదో తెలుపును. ఆమె టూర్సు నగరమునకు పోయి, ఫిలిప్పునకు తన స్వంత హక్కుమీదనే సామంతప్రమాణము చేసెను. పిదప జానును తన వారసునిగా నంగీకరించెను. సంస్థానమునకు న్యాయమైన యజమానురాలు బ్రతికియుండగా దానిని మనుమనికిచ్చుట కిక రాజునకు దారి లేకపోయెను.

1202లో ఆర్థరు ఆమెను మీర్‌బో కోటలో ముట్టడించెను. జాన్ రేయింబవళ్లు ప్రయాణము చేసి వచ్చి తల్లిని విడిపించెను.

1204లో ఎలియనోర్ మరణించెను. ఫోంతెవ్రో మఠమున హెన్రీ, రిచర్డుల సమాధులతోపాటు ఆమె సమాధియు కలదు. దానిపై పుస్తకము పట్టుకొని శయనించియున్న ఆమె శిలాప్రతిమ నేటికిని కాననగును. ఆమె పోయిన యేడే ప్వాతియే నగరము ఫిలిప్పు వశమయ్యెను. బోర్డో ప్రాంతము మాత్రము ఇంగ్లండు రాజులకు దక్కెను. ఆమె మనుమడు మూడవ హెన్రీ 1259లో ఫ్రాన్సు రాజుతో సంధి చేసికొని, డ్యూకుగా ఆతనికి సామంతుడయ్యెను. 1337లో ఫ్రాన్సు రాజు ఆ భూమిని జప్తు చేయగా నూరేండ్ల యుద్ధము మొదలయ్యెను. 1453లో బోర్డో ఇంగ్లండు చేతినుండి జారిపోయెను.