దీనబంధు ఆండ్రూస్

ఆపన్నులకు ధనమిచ్చి ఆదుకొనేవారు లోకంలో అరుదుగానైనా కనిపిస్తారు. ఆ ధనం చేరిన చోటికి తామే వెళ్ళి, ఆపన్నుల పక్కన కూర్చుని, వారి కష్టసుఖాలు విని, వారిని మిత్రులుగా చేసుకొనేవారు మరీ అరుదు. అట్టి మహనీయుడు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని న్యూకాసిల్ నగరంలో జన్మించాడు. తండ్రి మతబోధకుడు. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, దక్షిణ లండన్‌లోని పేదల వాడలో కొంతకాలం సేవ చేశాడు. 1904లో భారతదేశానికి వచ్చి, ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. పాలకుల జాతిలో పుట్టినా పాలితుల పక్షాన నిలవడం ఆయన స్వభావం.

ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలోని భారతీయులు గాంధీజీ నాయకత్వంలో సత్యాగ్రహం సాగిస్తున్నారు. 1913లో వారి సహాయార్థం గోపాలకృష్ణ గోఖలే దేశమంతటా విరాళాలు సేకరించాడు. ఆండ్రూస్ తాను కూడబెట్టిన సొమ్మంతా ఆయనకు సమర్పించాడు. గోఖలే కోరగానే మిత్రుడు పియర్సన్‌తో కలిసి బయలుదేరి, 1914 జనవరిలో డర్బన్ రేవులో దిగాడు. అక్కడ గాంధీజీని చూసిన వెంటనే వంగి పాదాలను స్పృశించాడు. ఒక ఆంగ్లేయుడు భారతీయునికి పాదాభివందనం చేయడం అక్కడి తెల్లవారికి ఆగ్రహం కలిగించింది. ఆండ్రూస్ లెక్కచేయలేదు. ఆ నెలలోనే ఇంగ్లాండులో ఆయన తల్లి మరణించింది. ఆ దుఃఖాన్ని దిగమింగి, గాంధీజీకీ, జనరల్ స్మట్సుకూ మధ్య సంధి కుదరడానికి పాటుపడ్డాడు. మూడు పౌన్ల పన్ను ఆ సంవత్సరమే రద్దయింది.

అంతకంటె దూరాన, పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో మరికొందరు అభాగ్యులున్నారు. 1879 నుండి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులు ఐదేండ్ల ఒప్పందంపై అక్కడి చెరకు తోటలకు తరలిపోయారు. 1903 నుండి మద్రాసు రేవు గుండా తమిళులతోపాటు ఆంధ్రులు కూడా వెళ్ళారు. ‘ఎగ్రిమెంటు’ అన్న మాట వారి నోట ‘గిర్మిట్’ అయింది. 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు పురుషులో, ఒక కుటుంబమో తలదాచుకోవాలి. పని తప్పితే శిక్ష. బ్రతుకు భారమై ప్రాణాలు తీసుకొన్నవారు అనేకులు.

1915 చివర ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ చేరారు. తోట తోటకూ తిరిగి, కూలీల నివాసాలను కన్నులారా చూసి, 1916లో నివేదిక ప్రకటించారు. ఆ సంవత్సరమే మదనమోహన మాలవ్యా శాసనసభలో ప్రతిపాదించగా, ఈ పద్ధతిని రద్దు చేయడానికి వైస్రాయి హార్డింజ్ అంగీకరించాడు.

అంతటితో తన పని ముగిసిందని మరొకరైతే తృప్తిపడేవారు. కాని కొత్త కూలీల రాక ఆగినా, అప్పటికే ఒప్పందానికి కట్టుబడినవారి సంకెల తెగలేదు. వారిని మరువలేక ఆండ్రూస్ 1917లో ఒంటరిగా మళ్ళీ ఫిజీ వెళ్ళాడు. నెలల తరబడి వారి నడుమ ఉండి, స్త్రీల దుస్థితిని, పిల్లలకు చదువు లేని కొరతను లోకానికి వెల్లడించాడు. ఎట్టకేలకు 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కృతజ్ఞులైన ఫిజీ భారతీయులు ఆయనను ‘దీనబంధు’ అని పిలుచుకున్నారు. 1936లో, అరువది అయిదేండ్ల వయస్సులో, ఆయన మూడవసారి ఆ మిత్రులను చూడబోయాడు.

రవీంద్రుని శాంతినికేతనాన్ని తన ఇల్లుగా చేసుకొన్న ఆండ్రూస్ 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన సమాధి ఆ నగరంలోనే ఉంది.

ధనం ఒకసారి ఇచ్చి మరచిపోవచ్చు. బంధుత్వం అట్లా మరచేది కాదు. చిక్కు వీడేవరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళినందువల్లనే ఆండ్రూస్ దాతగా మిగలక, దీనులకు బంధువైనాడు.