పద్దుల పాఠం పాసియోలి దగ్గర నేర్చుకోండి

మార్టూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి పండించే ఇంటి నుంచి వచ్చి సీఈసీ, బీకాం, సీఏ ఫౌండేషన్‌లలో ఏదో ఒకటి చదువుతున్నారా? డెబిట్ ఎటు, క్రెడిట్ ఎటు అన్న దగ్గరే ఆగిపోతున్నారా? పేపరు పోతే మళ్లీ ఫీజు, మళ్లీ హాస్టల్ ఖర్చు. అది ఎవరి కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఈ సబ్జెక్టుకు తొలి అచ్చు పాఠం రాసిన లూకా పాసియోలి గురించి తెలుసుకోండి. పరీక్షకు ఎలా చదవాలో ఆయన జీవితంలోనే దొరుకుతుంది.

ట్యూషన్ మాస్టారుగా మొదలు

పాసియోలి 1447 ప్రాంతంలో ఇటలీలోని సాన్‌సెపోల్క్రో అనే చిన్న పట్నంలో పుట్టారు. కుర్రతనంలోనే వెనిస్ చేరారు. అక్కడ రొంపియాసి అనే వ్యాపారి కొడుకులు ముగ్గురికి చదువు చెప్పే పని దొరికింది. వాళ్లకు పాఠాలు చెబుతూనే తానూ గణితం నేర్చుకున్నారు. 1470లో ఆ పిల్లల కోసమే ఒక లెక్కల పుస్తకం చేత్తో రాశారు. ఎదుటివారికి చెప్పగలిగితేనే మనకు వచ్చినట్టు. మీరూ వారానికోసారి మీ జూనియర్‌కో, తమ్ముడికో ఒక అధ్యాయం చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడే మీకు మార్కులు పోతాయి.

తర్వాత ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి అయ్యారు. పెరూజియా లాంటి నగరాల్లో గణితం బోధించారు. 1494లో వెనిస్‌లో ఆయన పెద్ద గణిత గ్రంథం 'సుమ్మా' అచ్చయింది. పండితులంతా లాటిన్‌లో రాసే రోజుల్లో ఆయన దాన్ని జనం మాట్లాడే భాషలో రాశారు. మీరు తెలుగు మీడియం నుంచి వచ్చారా? బెంగ వద్దు. జర్నల్ అంటే చిట్టా, లెడ్జర్ అంటే ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా. ముందు తెలుగులో అర్థం చేసుకోండి, పక్కనే ఇంగ్లిష్ మాట రాసుకోండి.

మూడు పుస్తకాల క్రమం

జంటపద్దు విధానాన్ని పాసియోలి కనిపెట్టలేదు. జెనోవా నగర లెక్కల్లో 1340 నాటికే అది ఉంది. వెనిస్ వ్యాపారులు చేస్తున్నదాన్ని ఆయన 36 అధ్యాయాల్లో వరసగా పెట్టి చెప్పారు. ఆ వరసే మీకు స్టడీ ప్లాన్.

మొదట ఉన్న ఆస్తులు, అప్పుల జాబితా రాయమన్నారు. మీ ఇంటిదే రాయండి: ట్రాక్టరు, కోల్డ్ స్టోరేజీలోని మిర్చి టిక్కీలు ఒకవైపు, బ్యాంకు పంట రుణం, ఎరువుల కొట్టు బాకీ మరోవైపు. తేడాయే మూలధనం. ఆస్తి అప్పుల పట్టీ అంటే ఇంతే.

తర్వాత రోజువారీ రఫ్ పుస్తకం, దాన్నుంచి చిట్టా, చిట్టా నుంచి ఆవర్జా. ఎరువుల కొట్టాయన ఒక రైతుకు రూ.12,000 సరుకు అరువిచ్చాడనుకోండి. కొట్టు పుస్తకంలో రైతు ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్. గుంటూరు యార్డులో మిర్చి అమ్మి రైతు బాకీ కట్టాక నగదు డెబిట్, రైతు క్రెడిట్. ఇలాంటివి రోజుకు పది రాయండి. కళ్లతో చదివితే రాదు, చెయ్యి తిరగాలి.

ఆవర్జాలోకి ఎక్కించగానే చిట్టాలో ఆ పద్దుకు గీత పెట్టమన్నారు పాసియోలి: డెబిట్‌కు ఒకటి, క్రెడిట్‌కు ఒకటి. పరీక్షలో మీరూ టిక్ పెట్టుకుంటూ వెళ్లండి. పద్దు జారిపోదు.

బ్యాంకు మెసేజ్‌తో తికమక

ఖాతాలో డబ్బు క్రెడిట్ అయిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మీ లెక్కల్లో మాత్రం బ్యాంకు ఖాతా డెబిట్! ఎందుకంటే ఆ మెసేజ్ బ్యాంకు పుస్తకంలోది. బ్యాంకు మీకు బాకీ కాబట్టి అక్కడ క్రెడిట్. మీకు అది ఆస్తి కాబట్టి ఇక్కడ డెబిట్. ఎవరి పుస్తకం రాస్తున్నామని ముందు అడిగితే సగం గందరగోళం పోతుంది.

అంకణా కుదరలేదా? తేడాను రెండుతో భాగించి ఆ మొత్తం తప్పు వైపు పడిందేమో చూడండి. తేడా 9తో నిశ్శేషంగా పోతే 540 బదులు 450 రాశారేమో వెతకండి. కుదిరినంత మాత్రాన అంతా సరి అనీ అనుకోవద్దు. అసలు రాయని పద్దును అంకణా పట్టుకోలేదు.

సీఏ ఫౌండేషన్‌లో అకౌంటింగ్ 100 మార్కుల రాత పేపరు. ప్రతి పేపరులో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. కాబట్టి చివరి నెలలో వారానికి రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని పూర్తిగా రాయండి. ఒక లెక్క కుదరకపోతే దాని దగ్గరే కూర్చోకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోండి.

మిలాన్‌లో ఉన్నప్పుడు లియొనార్డో డావిన్సీకి గణితం నేర్పింది పాసియోలియే. ఆయన 1509 నాటి గ్రంథానికి బొమ్మలు గీసింది లియొనార్డో. 1517లో పాసియోలి సొంత ఊళ్లోనే కన్నుమూశారు. సుమ్మాకు 500 ఏళ్లు నిండిన 1994లో ఇటలీ ఆయన బొమ్మతో నాణెం తెచ్చింది.

ఇంతకీ ఆయన పాఠం మొదలైంది ఒక వ్యాపారి ఇంట్లో లెక్కల దగ్గరే. మీరూ ఈ రాత్రి మిర్చి పట్టీ ఒకటి తీసుకుని కమీషన్, హమాలీ, కిరాయి వేర్వేరుగా రాసి తొలి పద్దు వేయండి.